బహుమతి, శిక్ష ఎలా పనిచేస్తాయి? ఒక్క అలవాటును మార్చి చూసే పద్ధతి

పిల్లవాడు ఫోన్ కోసం ఏడుస్తున్నాడు. ఇవ్వనన్నారు. ఏడుపు పెరిగింది. మళ్లీ ఇవ్వనన్నారు. కింద పడి కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. ఆఖరికి తలనొప్పి భరించలేక "ఇదిగో, తీసుకో" అని చేతిలో పెట్టేశారు. గోల ఠక్కున ఆగింది.

ఆ కాసేపట్లో ఇద్దరూ చెరో పాఠం నేర్చుకున్నారు. కింద పడి కొట్టుకునేదాకా వెళ్తే ఫోన్ వస్తుందని వాడికి తెలిసింది. ఫోన్ ఇచ్చేస్తే గోల ఆగుతుందని మీకు తెలిసింది. రేపు వాడు నేరుగా కింద పడటంతోనే మొదలుపెడతాడు. మీరు ఇవాళ్టి కంటే ముందే లొంగిపోతారు. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం దూకుడుగా ఉండే పిల్లల ఇళ్లకు వెళ్లి ఇలాంటి ఘట్టాలను ఏళ్ల తరబడి చూసి రాసుకున్నారు. తల్లీబిడ్డలు తెలియకుండానే ఒకరికొకరు ఇలా శిక్షణ ఇచ్చుకుంటూ పోవడం వాళ్లకు మళ్లీ మళ్లీ కనిపించింది.

ఒక పని చేశాక వెంటనే ఏం జరుగుతుందో దాన్ని బట్టి ఆ పని పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. మనం గమనించినా గమనించకపోయినా ఇది నడుస్తూనే ఉంటుంది. దీన్నే మనస్తత్వ శాస్త్రంలో కార్యసాధక నిబంధన అంటారు. టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది, కానీ పరీక్ష రాశాక దాన్ని ఇంట్లోనో క్లాసులోనో వాడి చూసినవాళ్లు తక్కువ. నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ఈ పద్ధతిని ముందే సరిగ్గా అర్థం చేసుకుని ఉంటే కొందరు పిల్లల్ని అంతగా నొప్పించి ఉండేదాన్ని కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మీకు కావాల్సింది ఒక కాగితం, ఒక పెన్ను, సుమారు నెల రోజుల ఓపిక.

ముందు ఒక్క పనిని ఎంచుకోండి

"వాడికి శ్రద్ధ లేదు", "ఆ అమ్మాయికి బద్ధకం", "నాకు క్రమశిక్షణ తక్కువ". ఇలాంటి మాటలతో మొదలుపెడితే ఎక్కడికీ చేరుకోలేం. శ్రద్ధను లెక్కపెట్టలేం, బద్ధకాన్ని చూడలేం. దాని బదులు "సాయంత్రం ఏడింటికల్లా పుస్తకం తెరిచి పదిహేను నిమిషాలు కూర్చోవడం" అని రాయండి. ఇద్దరు మనుషులు విడివిడిగా చూసినా జరిగిందా లేదా అన్నదానికి ఒకే జవాబు చెప్పగలిగితే మీరు సరిగ్గా రాసినట్టు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఒకటి, ఆ పని తన ఇష్టంతో చేయగలిగేదై ఉండాలి. నోట్లో నీరూరడం, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడటం లాంటివి మన చేతిలో ఉండవు. అవి రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ పరిశోధించిన మరో రకం అభ్యసనం కిందికి వస్తాయి. పరీక్ష హాల్లో అడుగు పెట్టగానే గుండె దడదడలాడే అమ్మాయికి "దడ లేకుండా రాస్తే బహుమతి" అని ఆశపెడితే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. రెండోది, ఆ పని అసలు చేతనవుతుందో లేదో చూసుకోండి. కూడికలు రాని పిల్లవాడికి ఎంత పెద్ద బహుమతి చూపించినా కూడికలు రావు. వాడికి ముందు నేర్పాలి.

వారం రోజులు ఏమీ మార్చకుండా లెక్కపెట్టండి

చాలామంది ఈ వారాన్ని దాటేసి నేరుగా బహుమతుల దగ్గరికి వెళ్తారు. దాటేయకండి, దయచేసి. మొదట్లో ఎలా ఉండేదో తెలియకపోతే తర్వాత మారిందో లేదో చెప్పలేరు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన పరిశోధన గురించి వినే ఉంటారు. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్క పెట్టెలో పెట్టి, బయట ఆహారం ఉంచేవాడు. లోపల ఉన్న తాడు ముడిని లాగితేనో మీటను తొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. మొదటిసారి పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, దొర్లుతుంది, ఎప్పటికో అనుకోకుండా ముడి తగిలి బయటపడుతుంది. మళ్లీ పెట్టెలో పెడతాడు. ఇలా ఎన్నోసార్లు. ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చేది ఆయన ఓపిక. పిల్లి బయటపడటానికి ప్రతిసారీ ఎంతసేపు పట్టిందో రాసుకున్నాడు. ఆ సమయాలను గీతగా గీస్తే అది ఒక్కసారిగా పడిపోలేదు, ఎగుడుదిగుడుగా మెల్లగా తగ్గింది. పిల్లికి హఠాత్తుగా "ఓహో, ఇదన్నమాట" అని వెలగలేదు. పనికొచ్చిన కదలికలు మిగిలాయి, పనికిరానివి రాలిపోయాయి. మంచి ఫలితం దక్కిన పని బలపడుతుందని ఆయన చెప్పిన ఫలిత నియమం ఇక్కడి నుంచే వచ్చింది. మీ కాగితం మీది గీత కూడా ఇలాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఒక్కరోజు లెక్క చూసి సంబరపడకండి, బెంబేలెత్తకండి.

కాగితాన్ని మూడు వరుసలుగా విడదీయండి. మొదటి వరుసలో ఆ పనికి ముందు ఏం జరిగింది, రెండో వరుసలో ఆ పని, మూడో వరుసలో దాని తర్వాత పది సెకన్లలో ఏం జరిగింది. మూడో వరుసను చాలా నిజాయితీగా రాయాలి. "అరిచాను" అని రాయడానికి మనసు ఒప్పుకోదు, అయినా రాయండి.

ఆ పనికి ఇప్పుడు ఏం దక్కుతోందో కనిపెట్టండి

నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. లెక్కల పీరియడ్‌లో పక్కవాళ్లను గిల్లడం, పెన్సిళ్లు విసరడం చేసేవాడు. ప్రతిసారీ బయట నిలబెట్టేదాన్ని. అది శిక్షే అనుకున్నాను. రెండు నెలల్లో వాడి అల్లరి తగ్గకపోగా పీరియడ్ మొదలైన అయిదు నిమిషాలకే మొదలయ్యేది. ఒకరోజు కూర్చుని రాసి చూసుకుంటే అర్థమైంది. వాడికి లెక్కలంటే భయం. బయట నిలబడితే బోర్డు మీద లెక్క చేయాల్సిన పని తప్పుతుంది. నేను శిక్ష అనుకున్నది వాడికి విడుదల. రెండు నెలలపాటు అల్లరికి నేనే బహుమతి ఇస్తూ వచ్చాను.

మీరు ఇచ్చింది బహుమతా శిక్షా అన్నది మీ ఉద్దేశాన్ని బట్టి తేలదు. ఆ తర్వాత ఆ పని పెరిగితే అది బహుమతి, తగ్గితే అది శిక్ష. ఈ పద్ధతిలో మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎలుకలు, పావురాలతో ప్రయోగాలు చేసిన బి.ఎఫ్. స్కిన్నర్ (1904-1990) దీన్ని మరింత పద్ధతిగా చెప్పాడు. ఒక పని తర్వాత ఏదో ఒకటి వచ్చి చేరవచ్చు, లేదా ఉన్నది పోవచ్చు. దాని వల్ల పని పెరగవచ్చు, తగ్గవచ్చు. పెంచేదాన్ని పునర్బలనం అంటారు, తగ్గించేదాన్ని దండన అంటారు. ఇలా నాలుగు దారులు.

మంచి మాటో వస్తువో వచ్చి చేరడం వల్ల పని పెరిగితే అది ధనాత్మక పునర్బలనం. ఇబ్బంది పెడుతున్నది తొలగిపోవడం వల్ల పని పెరిగితే రుణాత్మక పునర్బలనం. సీటు బెల్టు పెట్టుకోగానే కారులో బీప్ ఆగుతుంది, మాత్ర వేసుకోగానే తలనొప్పి పోతుంది, బయట నిలబడగానే లెక్కల భయం తప్పుతుంది. అన్నీ ఇదే కోవలోవి. చాలామంది రుణాత్మకం అనగానే శిక్ష అనుకుంటారు. పుస్తకాల్లోనే ఈ పొరపాటు చూశాను. ధన, రుణ అంటే ఇక్కడ మంచీ చెడూ కాదు, కూడిక, తీసివేత. ఇక దండనలోనూ రెండు రకాలు. దెబ్బ, తిట్టు లాంటిది వచ్చి చేరడం ఒకటి, ఆట సమయం లాంటిది చేజారిపోవడం ఇంకొకటి.

ఇప్పుడు మీ మూడో వరుస చదవండి. మీకు నచ్చని ఆ పనికి సాధారణంగా వీటిలో ఏదో ఒకటి దక్కుతూ ఉంటుంది. ఎవరో తనవైపు చూడటం (తిట్టినా సరే, చూసినట్టే), కోరిన వస్తువు చేతికి రావడం, ఇష్టంలేని పని తప్పడం, లేదా ఆ పనే ఒంటికి హాయిగా ఉండటం. గోళ్లు కొరకడం చివరి రకం. ఏ రకమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే చూపు కోసం అల్లరి చేసే పిల్లవాడిని పట్టించుకోకపోతే అల్లరి తగ్గుతుంది. పని తప్పించుకోవడానికి అల్లరి చేసేవాడిని పట్టించుకోకపోతే వాడికి కావాల్సింది అదే.

ఆ దక్కేదే మంచి దారిలో దక్కేలా చూడండి

"గోల చేయకు" అంటే ఏం చేయాలో చెప్పినట్టు కాదు. ఆ పిల్లవాడు గోల ద్వారా సంపాదిస్తున్నదాన్ని సంపాదించే ఇంకో దారి చూపించాలి. నా విద్యార్థి విషయంలో అది చాలా చిన్న మార్పు. లెక్క అర్థం కానప్పుడు డెస్కు మీద ఎర్ర కార్డు పెడితే నేను వచ్చి పక్కన కూర్చుంటానని చెప్పాను. కార్డు పెట్టిన ప్రతిసారీ వెళ్లాను. భయం నుంచి బయటపడే దారి పెన్సిల్ విసరడం కంటే సులువుగా దొరికింది. సులువుగా ఉండటం ముఖ్యం. కొత్త దారి పాతదాని కంటే కష్టమైతే ఎవరూ మారరు.

బహుమతిని ఎలా ఎంచుకోవాలి, ఎప్పుడు ఇవ్వాలి

పిల్లలందరికీ చాక్లెట్ అంటే ఇష్టం అనుకుంటాం. డేవిడ్ ప్రిమాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ఒకటో తరగతి పిల్లలకు ఒక పిన్‌బాల్ యంత్రం, ఒక మిఠాయి యంత్రం చూపించి స్వేచ్ఛగా వదిలేశాడు. కొందరు ఆట వైపు ఎక్కువగా వెళ్లారు, కొందరు మిఠాయి వైపు. తర్వాత ఆట ఇష్టమైనవాళ్లకు "మిఠాయి తింటేనే ఆట" అని షరతు పెడితే వాళ్లు మిఠాయి ఎక్కువ తిన్నారు. వాళ్లకు మిఠాయి బహుమతి కాదు, మిఠాయి తినడానికి ఆటే బహుమతి. దీన్ని బట్టి ఆయన చెప్పిన సూత్రం మీకు రోజూ పనికొస్తుంది. స్వేచ్ఛగా వదిలేసినప్పుడు మనిషి ఎక్కువగా చేసే పనిని, తక్కువగా చేసే పని వెనక పెట్టండి. ఏం కొనాలా అని ఆలోచించక్కర్లేదు. మీ పిల్లవాడు ఖాళీగా ఉన్నప్పుడు దేని దగ్గరికి పరుగెత్తుతాడో రెండు రోజులు చూడండి.

వరుస మాత్రం తారుమారు కాకూడదు. "ముందు ఆడుకో, తర్వాత చదువుతావు కదా" అని మాట తీసుకుంటే ఆట దేనికీ ఫలితంగా రాలేదు. అలాగే, ఏడుపు మొదలయ్యాక "ఏడుపు ఆపితే కొనిస్తా" అనడం లంచం. ఏడిస్తేనే బేరం మొదలవుతుందని పిల్లవాడికి అర్థమవుతుంది. బహుమతి గురించి ముందే, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడే చెప్పాలి.

ఇక సమయం. పని జరిగిన వెంటనే ఇవ్వాలి. వెంటనే అంటే సెకన్లలో. ఆలస్యమైతే మధ్యలో జరిగిన ఇంకేదో పనికి అది అంటుకుంటుంది. స్కిన్నర్ 1948లో ఆకలిగా ఉన్న 8 పావురాలకు, అవి ఏం చేస్తున్నాయో పట్టించుకోకుండా, కొద్ది సెకన్లకోసారి గింజలు పెట్టాడు. వాటిలో 6 పావురాలు చిత్రమైన అలవాట్లు పట్టాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఒకటి గూటి మూలకు తల పొడిచేది. గింజ వచ్చే సమయానికి ఏం చేస్తూ ఉన్నాయో దాన్నే పట్టుకున్నాయి. కుక్కకు "కూర్చో" నేర్పేటప్పుడు మీరు జేబులో వెతికి బిస్కెట్ తీసేలోపు అది లేచి నిలబడితే, మీరు నిలబడటాన్ని నేర్పుతున్నారు.

ప్రతిసారీ అంత వేగంగా ఇవ్వడం కుదరదు. అందుకు ఒక వంతెన వేయాలి. కుక్కల శిక్షకులు చిన్న క్లిక్ శబ్దం వాడతారు. శబ్దం రాగానే తిండి వస్తుందని ముందే అలవాటు చేస్తారు కాబట్టి శబ్దమే బహుమతి అవుతుంది. పిల్లల దగ్గర ఆ పని ఒక చుక్క, ఒక స్టిక్కర్, ఒక మాట చేస్తుంది. మాట అయితే ఏం చేశారో విప్పి చెప్పండి. "గుడ్" కంటే "నేను అడగకముందే పుస్తకం తీశావు, చూశాను" అన్నది వంద రెట్లు మేలు. ఇది నా అనుభవం.

కొత్త పనిని చిన్న మెట్లుగా విడగొట్టండి

పదిహేను నిమిషాలు కూర్చోవడం మీ లక్ష్యం. మీ కాగితం చూస్తే పిల్లవాడు ఇప్పుడు రెండు నిమిషాలే కూర్చుంటున్నాడు. పదిహేనుకే బహుమతి పెడితే ఆ బహుమతి వాడికి ఎప్పుడూ దక్కదు.

1943లో స్కిన్నర్, ఆయన సహచరులు ఒక పావురానికి ముక్కుతో బంతిని కొట్టడం నేర్పాలనుకున్నారు. కొట్టినప్పుడు గింజ పెడదామని కాచుకుని కూర్చున్నారు. అది బంతిని ముట్టుకోలేదు. విసిగిపోయి, బంతి వైపు చూస్తే చాలు, గింజ పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత దగ్గరికి జరిగితే, తర్వాత ముక్కు తగిలితే. కొద్ది నిమిషాల్లో ఆ పావురం ఆరితేరిన ఆటగాడిలా బంతిని గోడలకేసి కొడుతోంది.

రెండు నిమిషాల దగ్గర మొదలుపెట్టండి. వరసగా మూడు, నాలుగు రోజులు సులువుగా జరిగితే మూడు నిమిషాలు చేయండి. ఎక్కడైనా రెండు రోజులు వరసగా తప్పితే వెనక మెట్టుకు దిగండి. అది ఓటమి కాదు, మీరు వేసిన మెట్టు ఎత్తు ఎక్కువైంది అంతే.

ఎప్పుడూ ఇవ్వాలా, అప్పుడప్పుడూ ఇవ్వాలా

కొత్త పనికి మొదట్లో ప్రతిసారీ ఇవ్వాలి. ఇందులో మినహాయింపు లేదు. నిలదొక్కుకున్నాక మాత్రం మెల్లగా పలచన చేయాలి.

ఇది తెలిసిన తీరు ఆసక్తిగా ఉంటుంది. స్కిన్నర్ ప్రయోగాల్లో ఎలుక మీట నొక్కితే తిండి గుళిక పడేది. ఆ గుళికలను ఆయన తానే ఒక యంత్రంతో తయారు చేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూస్తే సోమవారం పొద్దున్నకల్లా అయిపోయేలా ఉన్నాయి. ప్రతి నొక్కుకూ గుళిక ఎందుకు, నిమిషానికి ఒకటి ఇస్తే సరిపోదా అనుకున్నాడు. ఎలుకలు నొక్కడం మానలేదు, ఒక స్థిరమైన వేగంతో నొక్కుతూనే ఉన్నాయి. దాని వెంట సాగిన ఏళ్ల పరిశోధనను ఆయన, చార్లెస్ ఫెర్‌స్టర్ కలిసి 1957లో పెద్ద గ్రంథంగా వేశారు.

మీకు అందులోంచి కావాల్సింది ఇంత. ఇన్నిసార్లు చేస్తే ఒకటి అని కచ్చితమైన లెక్క పెడితే మనిషి గబగబా చేసి, బహుమతి అందాక కాసేపు ఆగిపోతాడు. ఇంత సమయానికి ఒకసారి అని పెడితే గడువు దగ్గరపడ్డాకే పని మొదలవుతుంది. నెలాఖరు పరీక్ష ముందు రాత్రి మాత్రమే చదివే పిల్లలను చూస్తే ఇది అర్థమవుతుంది. చెప్పకుండా, రోజులో ఎప్పుడైనా పుస్తకం చూసి ఒక మంచి మాట చెబితే పని నిలకడగా సాగుతుంది. ఎన్నిసార్లకు వస్తుందో తెలియకుండా వచ్చే బహుమతి అన్నిటికంటే బలంగా పట్టేస్తుంది. జూదం యంత్రం ముందు మనుషులు గంటలు గంటలు కూర్చునేది, ఫోన్‌లో ఏమైనా వచ్చిందేమోనని పది నిమిషాలకోసారి చూసేది ఇందువల్లే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఫోన్ ఏడుపు గుర్తు తెచ్చుకోండి. తొమ్మిదిసార్లు కాదని పదోసారి ఇచ్చే తల్లిదండ్రులు తాము గట్టిగానే ఉన్నామనుకుంటారు. నిజానికి జూదం యంత్రంలా పనిచేస్తున్నారు. రోజూ అడగ్గానే ఇచ్చేవాళ్ల పిల్లల కంటే వీళ్ల పిల్లల ఏడుపును మాన్పించడం కష్టం.

పాత పనికి దక్కేదాన్ని ఆపండి, తర్వాత వచ్చే గాలివానకు సిద్ధంగా ఉండండి

బహుమతి పూర్తిగా ఆగిపోతే పని మెల్లగా ఆరిపోతుంది. దీన్ని విరమణ అంటారు. స్కిన్నర్ ఇది కూడా అనుకోకుండానే చూశాడు. గుళికలు పడే గొట్టం ఇరుక్కుపోయింది, ఎలుక కాసేపు ఇంకా నొక్కి చివరికి మానేసింది.

అయితే మానే ముందు పని ఒక్కసారి ఎగిసిపడుతుంది. లిఫ్ట్ రాకపోతే మీరు బటన్‌ను ఏం చేస్తారు? ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు నొక్కుతారు. పిల్లవాడూ అంతే. మీరు ఫోన్ ఇవ్వడం మానేసిన రెండో రోజో మూడో రోజో ఇంతకుముందెన్నడూ లేనంత గోల చేస్తాడు. "ఈ పద్ధతి మా వాడి దగ్గర పనిచేయదు" అని చాలామంది ఆ రోజే వదిలేస్తారు. ఆ రోజు ఇచ్చేస్తే, ఎంత పెద్ద గోల చేయాలో కొత్త కొలత నేర్పినట్టవుతుంది. అందుకే ఇంట్లో అందరూ, తాతయ్య, అమ్మమ్మతో సహా, ఒక మాట మీద ఉంటారని నమ్మకం కుదిరాకే మొదలుపెట్టండి. ఒక్కరు లొంగినా మొత్తం నీరుగారిపోతుంది. అలా కుదరకపోతే ఏడుపు దాకా రానివ్వకుండా అడిగిన వెంటనే "సరే, పది నిమిషాలు" అని ఇచ్చేయడమే నయం. అప్పుడు కనీసం అడగడానికి బహుమతి ఇచ్చారు, ఏడవడానికి కాదు.

ఆరిపోయిన పని కొన్నాళ్ల తర్వాత ఒకరోజు హఠాత్తుగా తిరిగి రావచ్చు. దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. కంగారు పడకండి, దానికి ఏమీ దక్కకుండా చూస్తే ఈసారి త్వరగా పోతుంది.

తనకో ఇతరులకో దెబ్బ తగిలే పనిని మాత్రం పట్టించుకోకుండా వదిలేయకూడదు. తల గోడకు కొట్టుకోవడం, కొరకడం లాంటివి ఉంటే వెంటనే ఆపి, నిపుణుల సాయం తీసుకోండి.

శిక్ష గురించి

శిక్ష అసలు పనిచేయదని చెబితే అబద్ధం అవుతుంది. నాథన్ ఆజ్రిన్, విలియం హోల్జ్ 1966లో అప్పటిదాకా జరిగిన జంతు ప్రయోగాలను వరుసగా పరిశీలించి, శిక్ష ఎప్పుడు పనిని గట్టిగా అణుస్తుందో చెప్పారు. వెంటనే రావాలి, ప్రతిసారీ రావాలి, మొదటిసారే గట్టిగా ఉండాలి, అదే ఫలితం దక్కే వేరే దారి ఉండాలి. ఈ షరతులు చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఏ ఇల్లూ ఏ బడీ వీటిని నిలబెట్టుకోలేవు. మనం చూసినప్పుడే శిక్షిస్తాం, చూడనప్పుడు లేదు. చిన్న తిట్టుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతాం. అలా మెల్లగా పెరిగే శిక్షకు ప్రాణి అలవాటు పడిపోతుందని ఆ ప్రయోగాల్లోనే తేలింది. పైగా మొదటిసారే గట్టిగా కొట్టాలన్న షరతును ఒక బిడ్డ మీద ఎవరైనా ఎందుకు అమలు చేయాలి? పిల్లల్ని కొట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

శిక్షకు ఇంకో లోపం ఉంది. స్కిన్నర్ తన 1938 పుస్తకంలో ఒక ప్రయోగం రాశాడు. మీట నొక్కడం నేర్చిన ఎలుకలకు తిండి ఆపేసి, కొన్నింటికి మాత్రం మొదట్లో నొక్కినప్పుడల్లా పాదం మీద దెబ్బ పడేలా చేశాడు. అవి కాసేపు నొక్కడం తగ్గించాయి. దెబ్బ ఆగాక మళ్లీ నొక్కాయి. రెండో రోజు ముగిసేసరికి దెబ్బ తినని ఎలుకలు ఎన్నిసార్లు నొక్కాయో ఇవీ సుమారు అన్నిసార్లు నొక్కేశాయి. పని చెరిగిపోలేదు, దెబ్బ ఉన్నంతసేపు దాక్కుంది. టీచర్ క్లాసు దాటగానే మొదలయ్యే గోల మీకు తెలిసిందే.

అంతకంటే బాధపెట్టే విషయం ఒకటుంది. మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మైయర్ 1967లో కుక్కలతో చేసిన ప్రయోగంలో, ఏం చేసినా తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో చాలా భాగం, తర్వాత చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే చోట కూడా దూకలేదు. అక్కడే పడుకుని భరించాయి. ఏం చేసినా తిట్లే పడే పిల్లవాడు కొన్నాళ్లకు ప్రయత్నమే మానేస్తే, వాడిని మొండి అనకండి. ఏం చేసినా ఒకటే అని వాడు నేర్చుకున్నాడు.

మరి తప్పనిసరైనప్పుడు? ఉన్నదాన్ని కాసేపు తీసేయడం మేలు. బొమ్మ విసిరితే ఆ బొమ్మ పది నిమిషాలు అటకెక్కుతుంది. ముందే చెప్పండి, కోపం లేకుండా తీయండి, చెప్పిన సమయానికి తిరిగి ఇచ్చి సరిగ్గా ఆడిన మొదటి నిమిషాన్ని మెచ్చుకోండి. వారం రోజులు లాగేసుకుంటే ఆ వారమంతా పిల్లవాడికి సరిగ్గా ఆడే అవకాశమే ఉండదు.

పెద్దవాళ్లకు జరిమానా వేసేముందు ఇది గుర్తుంచుకోండి. యూరీ గ్నీజీ, ఆల్డో రస్టికినీ 2000లో ప్రచురించిన అధ్యయనం ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 డే కేర్ కేంద్రాల్లో జరిగింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి కొందరు ఆలస్యంగా వచ్చేవారు. 6 కేంద్రాల్లో పది నిమిషాలు దాటితే 10 షెకెల్స్ జరిమానా పెట్టారు. ఆలస్యాలు సుమారు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచర్‌ను నిలబెట్టామన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది అదనపు సమయానికి ధర అయిపోయింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు, ఆలస్యాలు అలాగే ఉండిపోయాయి.

బహుమతి ఎక్కడ పెట్టకూడదు

ఇష్టంగా చేస్తున్న పనికి పెట్టకండి. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, రంగుల పెన్నులతో బొమ్మలు గీయడం బాగా ఇష్టపడే చిన్న పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి "గీస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లు గీసినదాంట్లో దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. మీ అమ్మాయి తనంతట తాను కథల పుస్తకాలు చదువుతుంటే పేజీకి ఇంత అని లెక్క పెట్టకండి. తను చదివిన కథ చెబుతానంటే కూర్చుని వినండి.

రెండు వారాలకోసారి కాగితం తీయండి

లెక్క మారుతుంటే మెట్టు ఎత్తు పెంచండి, బహుమతిని కొంచెం పలచన చేయండి. వస్తువులు ఉంటే ముందు వాటిని తగ్గించి మాటలను ఉంచండి. మంచి గుర్తు ఏంటంటే ఆ పని సొంతంగా ఏదో ఇవ్వడం మొదలుపెడుతుంది. లెక్క వచ్చేసిన పిల్లవాడికి లెక్కే హాయిగా ఉంటుంది, అప్పటికి స్టిక్కర్లు అడగడం వాడే మర్చిపోతాడు.

లెక్క మారకపోతే పిల్లవాడిని తప్పుపట్టేముందు ఈ క్రమంలో వెతకండి. బహుమతి ఆలస్యంగా అందుతోందా? మెట్టు ఎత్తుగా ఉందా? ఇంట్లో ఎవరైనా పాత పనికి ఇంకా ఏదైనా ఇస్తున్నారా? మీరు బహుమతి అనుకున్నది వాడికి నిజంగా కావాల్సిందేనా? నా అనుభవంలో చాలాసార్లు చివరి ప్రశ్న దగ్గరే సమాధానం దొరికింది. ఎర్ర కార్డు అబ్బాయికి మొదట స్టిక్కర్లు పెట్టాను, ఏమీ కాలేదు. నేను పక్కన కూర్చున్న రెండు నిమిషాలే వాడికి కావాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికి కార్డు వారానికి ఒకటి రెండుసార్లు కనిపించేది, లెక్కల పీరియడ్ అంతా వాడు లోపలే ఉండేవాడు.